టిక్కుమనే దాకా

ముందుగా చెప్పింది దోసెల పిండి.
కింది అరలో మూత నెత్తికెత్తుకుని
గిన్నె అంచు దాటి, గుడ్ల ట్రే మీదుగా
కూరగాయల డబ్బాలోకి పాకింది.
పాలు విరగడానికి ఇంకో పూట పట్టింది.

పై అరలో మాత్రం బఠాణీలు గులకరాళ్ళే.
ఒకే పెట్టెలో పైన మాఘమాసం,
కింద రోళ్ళు పగిలే రోహిణి కార్తె.
బయట వూలన్‌గాంగ్‌లో ఫిబ్రవరి, నలభై ఒక్క డిగ్రీలు.

"పారేసి కొత్తది కొందాం," అన్నాడు ఫణీంద్ర,
అప్పటికే ఫోన్లో ధరలు చూస్తూ.
నేను ప్లగ్గు పీకి
ఫ్రీజర్ వెనక పలక విప్పాను.

లోపల తెల్లటి గోడ.
కాయిల్ లేదు, రెక్కలు లేవు, అంతా మంచే.
తలుపు తీసిన ప్రతిసారీ మేం పంపిన
గాలీ చెమటా చారు ఆవిరీ
ఒక్క చుక్క పోనీకుండా దాచిపెట్టుకుంది.
పాపం ఫ్యాను,
ఇన్ని వారాలూ ఆ గోడకే మొర పెట్టుకుంది.

హెయిర్ డ్రయ్యరు రెండు గంటలు. తువ్వాళ్ళు ఆరు.

కింది ఫ్లాట్ గ్లెనిస్ మీటరు పట్టుకొచ్చింది.
పోర్ట్ కెంబ్లా ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఒక్కేళ్ళు
క్రేన్ల వైరింగు చూసిన మనిషి.
ఒక మోకాలు స్టీలుది.
"అదీ మా కొలిమిలో పోసిందే" అంటుంది, నమ్మకండి.

హీటరుకు తీగలు తాకించాం, మీటరు పలికింది.
థర్మోస్టాట్‌కు తాకించాం, ఉలుకూ లేదు పలుకూ లేదు.
"దొంగ దొరికాడు!" అన్నాను.
నలభై డాలర్లు కట్టబోయాను కూడా.

గ్లెనిస్ నా వేలు పట్టుకుని ఆపింది.
"చలిలో అడుగు దాన్ని.
వేడిలో నోరు విప్పడం దాని పని కాదు."
తన ఫ్రీజర్ నుంచి ఐసు తెచ్చింది.
నేను ఆవకాయ కోసం దాచిన కల్లుప్పు తెచ్చాను.
చిన్న సంచిలో చుట్టి, రెండూ కలిపిన గిన్నెలో కూరి
ముగ్గురం చుట్టూ నిలబడ్డాం,
ఉయ్యాల్లోకి తొంగిచూస్తున్నట్టు.

టిక్.

మీటరు పలికింది.
దాన్ని చేతిలోకి తీసుకుని, పైట చెంగుతో తుడిచి
నిజంగానే "సారీ" అన్నాను,
తెలుగులో ఏమనాలో తోచక.

ఇక మిగిలింది టైమరు.
అడుగున, దుమ్ములో, అరచేతిలో పట్టేంత డబ్బా.
ఎనిమిది గంటలు చలి, ఇరవై నిమిషాలు వేడి,
దానికి తెలిసిన పంచాంగం అంతే.
ఒక గేరుకు రెండు పళ్ళు అరిగి
చలి దగ్గరే చతికిలబడింది.

కొత్తది అడిలైడ్ నుంచి రావాలి. తొమ్మిది రోజులు.
"అందాకా టైమరువి నువ్వే," అంది గ్లెనిస్.

పొద్దున పదకొండుకు ఆమె,
తాళంచెవి ఇచ్చి ఆఫీసుకు పోయేవాళ్ళం.
సాయంత్రం ఏడుకు ఫణీంద్ర, సణుగుతూ.
తెల్లవారుజామున మూడుకు నేను.

స్క్రూడ్రైవర్ మొన గాడిలో పెట్టి
తిప్పాలి, మెల్లగా, టిక్కుమనే దాకా.
కంప్రెసర్ ఊపిరి బిగబడుతుంది.
ఇరవై నిమిషాలయ్యాక మళ్ళీ తిప్పాలి.
ఆలోగా పడుకోకూడదు.

అలా నేల మీద కూర్చుని విన్నాను:
ముందు ఏమీ లేదు.
తర్వాత హీటరు మీద ఒక చుక్క, చుయ్‌మని,
ఇంకోటి,
ఆపైన సన్నటి ధార వెనక గొట్టం దిగి
అడుగు పళ్ళెంలో పడే చప్పుడు.
రోజుకు మూడుసార్లు ఈ యంత్రం
మా నిద్రలో, మా పోట్లాటల్లో
తనను తాను కరిగించుకుంటూ వచ్చిందని
పదేళ్ళలో ఒక్కసారీ తెలియలేదు.

పదో రోజున పార్టు వచ్చింది. నాలుగు తీగలు, రెండు స్క్రూలు.
పాత టైమరు చెంచాల సొరుగులో ఉంది, ఎందుకో.

ఆ రాత్రీ మూడుకు మెలకువ వచ్చింది.
చీకట్లో వెళ్ళి కూర్చున్నాను,
చేతిలో ఏమీ లేకుండా.

"పడుతున్నాయా నీళ్ళు?"
గదిలోంచి ఫణీంద్ర.

ష్, అన్నాను.